కర్చీఫ్ వేసిన సీటు: ఒక ఊరి కోతుల కేసు

పంచాయతీ క్యాష్ బుక్‌లో ‘కోతులు పట్టినందుకు’ అన్న పద్దు మూడేళ్ళలో నాలుగుసార్లు ఉంది. ప్రతిసారీ మొత్తం పెరిగింది. మొదటిసారి ఇంటికింత అని చందా వేసుకున్నారు. రెండోసారి పంచాయతీ కొంత కలిపింది. నాలుగోసారి గల్ఫ్‌లో ఉన్న ఊరి పిల్లలు డబ్బు పంపారు. ఆ నాలుగో పద్దు రాయబోతున్న రోజుల్లోనే నన్ను పిలిచారు.

నేను జంతువుల డాక్టర్ని కాను. అడవి జంతువుల సంఖ్య ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అన్న లెక్క చూడటం నా పని. ఆ ఊర్లో మాత్రం ‘కోతుల సార్’నైపోయాను. ఊరి పేరు, మండలం రాయడం లేదు. అంకెలు గుండ్రం చేశాను, ఒకటి రెండు ఆనవాళ్ళు మార్చాను. ఉత్తర తెలంగాణలో, గోదావరికి దక్షిణాన, నాలుగైదు వందల గడపల ఊరు అనుకోండి చాలు.

నేపథ్యం

ఊరికి పడమర ఒక గుట్ట. ఒకప్పుడు దాని మీద సీతాఫలం, తునికి, మేడి దండిగా ఉండేవట. ఇప్పుడు సగం గుట్టను గ్రానైట్ క్వారీ తినేసింది. తూర్పున చెరువు, కట్ట మీద చింతచెట్లు. రోడ్డు పక్కన ఆంజనేయస్వామి గుడి. రెండు కిలోమీటర్ల అవతల రైస్ మిల్లు. మక్క, పల్లి వేసిన రైతులు ఏడాదికి ఇద్దరు ముగ్గురు చొప్పున పత్తికి మారారు. పత్తి మీద ఇష్టంతో కాదు, కోతులు దాన్ని తినవని.

పెద్దవాళ్ళు ఇంకో మాట చెప్పారు. తమ చిన్నప్పుడు గుట్ట మీదున్న కోతులకు తోక పొడుగట, ఇప్పుడున్న వాటికి పొట్టి అట. మామూలు జ్ఞాపకాల కింద కొట్టిపారేసే మాట కాదిది. పొడుగు తోక, నెత్తిన టోపీలాగా పాపిడి తీసిన వెంట్రుకలు ఉండేది బానెట్ కోతి, దక్షిణాది జాతి. తోక పొట్టిగా, నడుం వెనక ఎర్రగా ఉండేది ఉత్తరాది రీసస్ కోతి. దేశానికి తూర్పు వైపున ఈ రెంటికీ గోదావరే హద్దు అని పాత పరిశీలనలు చెబుతాయి. కొన్ని దశాబ్దాలుగా రీసస్ ఆ హద్దు దాటి దక్షిణానికి వస్తోంది, బానెట్ వెనక్కి తగ్గుతోంది. కొన్ని తమంతట తాము వచ్చాయి. కొన్నిటిని మనమే బోన్లలో పెట్టి వ్యాన్లలో తెచ్చి వదిలాం. అంటే ఈ ఊరి కోతులకు బయటినుంచి రావడం కొత్త కాదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తట్టాల్సింది.

ఫిర్యాదు

“ఎన్ని పట్టిచ్చినా గన్నే ఉంటున్నయ్ సార్,” అన్నాడు సర్పంచ్. ఫిర్యాదు అంతే. కారణం మీద ఊర్లో మూడు వాదనలు నడుస్తున్నాయి. పట్టేవాళ్ళు మోసం చేసి పక్క ఊర్లోనే వదులుతున్నారని కొందరు. నలభై కిలోమీటర్ల అవతల అడవిలో వదిలినా అవే దారి వెతుక్కుని వస్తున్నాయని కొందరు. మిగిలినవే గబగబా పిల్లల్ని పెడుతున్నాయని ఎక్కువమంది.

ఇది ఊసుపోని చర్చ కాదు, ఒక్కో వాదనకు ఒక్కో మందు. మోసమే అయితే కాంట్రాక్టరును మార్చాలి. తిరిగొస్తుంటే ఇంకా దూరం తీసుకెళ్ళాలి. పిల్లలతోనే పెరుగుతుంటే కు.ని. ఆపరేషన్లు చేయించాలి. ఏదో తేలకుండా ఐదో పద్దు రాయొద్దని సర్పంచ్‌ను ఒప్పించాను. నాలుగోసారి పట్టివేత ఎలాగూ ఖాయమైంది కాబట్టి దాన్నే పరీక్షగా వాడుకుందామన్నాను.

లెక్క

కోతుల్ని పగలు లెక్కపెట్టడం వృథా, తిరుగుతూనే ఉంటాయి. పొద్దుగూకే వేళ పడుకునే చెట్ల దగ్గర కూర్చోవాలి. వరసగా వారం రోజులు కూర్చుంటే మూడు మందలు తేలాయి: గుడి మంద, చెరువు మంద, గుట్ట మంద. అన్నీ కలిపి 140 దాకా. జులై చివర్లో పట్టేవాళ్ళు పది రోజుల్లో 90 కోతుల్ని పట్టుకుపోయారు. మిగిలినవి 50. సంక్రాంతికి మళ్ళీ లెక్కిస్తే 120.

ఇక్కడ కాగితం మీద చిన్న లెక్క వేశాను. రీసస్ ఆడకోతి ఐదున్నర నెలలు మోస్తుంది, ఒక ఈతకు ఒకే పిల్ల, తిండి బాగా దొరికినా ఏడాదికి ఒకటి. మన దగ్గర ఈతలు ఎక్కువగా ఎండాకాలంలో. మిగిలిన యాభైలో ఈడొచ్చిన ఆడవి పదిహేను. అవన్నీ ఈనినా పదిహేను పిల్లలే, అదీ జులై నుంచి జనవరి లోపల ఈనే కాలమే కాదు. డెబ్భై కోతులు పుట్టి పెరగడం కుదరని పని. ‘గబగబా పిల్లల్ని పెడుతున్నాయి’ అన్న వాదన పోయింది.

తిరిగొస్తున్నాయా అన్నది తేల్చడానికి పట్టివేతకు ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాం. రీసస్ కోతి అప్పటికింకా వన్యప్రాణి చట్టం షెడ్యూల్లోనే ఉంది (2022 సవరణతో తీసేశారు), అందుకని అటవీ శాఖ అనుమతి తీసుకున్నాం. బోనులో ఉన్న ప్రతి కోతి వీపు మీద కిరాణా కొట్లో దొరికే నల్ల హెయిర్ డై పూయించాం. పాత టూత్ బ్రష్‌ను వెదురు కర్రకు కట్టి, కమ్మీల మధ్యనుంచి పూయడం. సగం డై మా చొక్కాల మీదే పడింది. సంక్రాంతికి కనబడ్డ 120లో నల్లమచ్చవి ఆరు.

మోసం సంగతి దానంతట అదే తేలింది. దసరా ముందు, కోతుల్ని వదిలిన అడవి అంచున ఉన్న ఒక ఊరినుంచి ఫోన్. “వీపు మీద నల్లమచ్చ కోతులు ఇండ్ల మీద పడుతున్నయ్, మీవేనా?” పట్టేవాళ్ళు చెప్పిన చోటే వదిలారన్న మాట. అరటిపండుకు, అన్నానికి అలవాటు పడిన మంద అడవిలో ఎందుకుంటుంది? దగ్గర్లో పొయ్యి పొగ కనబడిన చోటుకు పోయింది. మన బెడద ఇంకో ఊరికి పార్సిల్ అయింది.

మరి తిరిగొచ్చిన ఆరు పోను ఈ అరవై నాలుగు ఎక్కడివి? దీనికి దారి చూపింది నా లెక్క కాదు, గుడి వెనక గూనపెంకుల ఇంట్లో ఉండే ఒక అవ్వ. ఆమెకు పాత కోతులన్నీ పేర్లతో తెలుసు: కుంటిది, మొండిచెవిది, నెత్తిగాయంది. “ఇయి మునుపటియి గావు బిడ్డా. మా కుక్కకు భయపడుతున్నయ్,” అంది. ఆ కుక్క ముసలిది, పళ్ళు ఊడిపోయాయి, ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. పాత కోతులు దాని గిన్నెలోంచే అన్నం ఎత్తుకెళ్ళేవి. కొత్తవి అది మొరగ్గానే గోడెక్కుతున్నాయి. ఆ కుక్క సంగతి తెలియని కోతులంటే ఆ ఊర్లో పెరగని కోతులు.

వారానికి రెండు సాయంత్రాలు రాసిపెట్టుకున్న నా నోట్‌బుక్ మళ్ళీ తిరగేశాను. పట్టివేత అయిన మూడు వారాల్లోపే ఒంటరి గండుకోతులు రావడం మొదలైంది, అన్నీ నాలుగు నుంచి ఆరేళ్ళ కుర్రవి. కార్తీక మాసంలో రైస్ మిల్లు దగ్గరి పెద్ద మంద రెండుగా చీలింది. తల్లులు, పిల్లలతో సహా ఒక సగం గుడి దగ్గరికి మారింది.

ఇల్లరికం, ఖాళీ సీటు

రీసస్ కోతుల్లో ఆడపిల్లలు పుట్టింట్లోనే ఉంటాయి. అమ్మమ్మ, అమ్మ, పిన్నులు, కూతుళ్ళు కలిసి ఒక మంద. మగపిల్లలు నాలుగైదేళ్ళు వచ్చేసరికి మంద వదిలి ఇల్లరికం పోతాయి. ఒకచోట కొన్నేళ్ళుండి మళ్ళీ ఇంకో మందకు మారతాయి కూడా. దీన్ని వలస అనడం నాకు ఇష్టం లేదు. వలస పోయినది కాలం మారగానే తిరిగొస్తుంది. ఇది పుట్టిల్లు వదిలి వేరే చోట బతుకు వెతుక్కోవడం. మంద మరీ పెద్దదైతే ఆడవి కూడా కదులుతాయి, కానీ ఒంటరిగా కాదు, ఒక తల్లి కుటుంబం మొత్తం విడిపోతుంది.

ఒక చోట జంతువుల సంఖ్య నాలుగు వాటితో మారుతుంది: పుట్టేవి, చచ్చేవి, వచ్చేవి, పోయేవి. ఊర్లో అందరూ పుట్టేవాటి గురించే మాట్లాడుతున్నారు. నిజానికి ఆరు నెలల్లో సంఖ్యను నడిపింది వచ్చేవి. ఎన్ని వస్తాయన్నది ఇక్కడ ఎంత తిండి, ఎన్ని పడుకునే చెట్లు ఖాళీగా ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఊరిని ఆర్టీసీ బస్సు అనుకోండి. 140 సీట్లు. తొంభై మందిని దింపేశాం, సీట్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. బయట నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా? కిటికీలోంచి కర్చీఫ్ వేస్తారు.

చుట్టుపక్కల ఊర్ల కోతులకు ఆ ఏడాది మనం చేసింది ఉపకారం. రైస్ మిల్లు మందలో రద్దీ తగ్గింది. రద్దీ తగ్గిన చోట పిల్లలు ఎక్కువ బతుకుతాయి. నాలుగు పట్టివేతలతో మండలంలో మొత్తం కోతులు తగ్గకపోగా పెరిగి ఉండొచ్చని నా అనుమానం. నిరూపించే లెక్క నా దగ్గర లేదు, మండలం మొత్తం ఎవరూ లెక్కపెట్టలేదు.

ఏవి పారలేదు

కొండముచ్చును తెచ్చారు, నాకు చెప్పకుండా. ఐదు రోజులు కోతులు ఊరి ఆ చివరకు పోయాయి, ఆరో రోజు దాని తాడు ఎంత పొడుగో కొలుచుకున్నాయి. చట్టం ప్రకారం కొండముచ్చును కట్టేయడమే నేరం, తిప్పి పంపించాం. ఒక రైతు ఎలుగుబంటి వేషం కుట్టించాడు. కోతులకన్నా ముందు కూలీలు పారిపోయారు. గుట్ట కింద పండ్ల మొక్కలు నాటారు. మంచిదే, కాపుకొచ్చేసరికి పదేళ్ళు.

అసలు పారనిది నా సలహానే, అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను. బయటికి తరలించడం వద్దు, ఆపరేషన్ చేయించి ఇక్కడే వదులుదాం అన్నాను. అంతవరకు సరే. హిమాచల్ ప్రదేశ్‌లో 2006-07 నుంచి ఇదే పద్ధతిలో లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేశారు. మన దగ్గర నిర్మల్ సమీపంలో గండి రామన్న వనంలో 2020 డిసెంబరులో పునరావాస కేంద్రం మొదలయ్యాక ఈ మాట ఊర్లకు కూడా తెలుసు. కానీ మాకు దొరికిన ఆపరేషన్ స్లాట్లు తక్కువ. ఎవరికి ముందు చేయించాలి? గండుకోతులకు అన్నాను.

అప్పటికి నా తర్కం ఇది: మగవాటికి ఆపరేషన్ సులువు, త్వరగా కోలుకుంటాయి, బోనులోకి ముందు దూకేవి అవే. ఊరివాళ్ళను కరిచేవి కూడా అవే కాబట్టి జనం ఒప్పుకుంటారు. ఇరవై రెండు గండుకోతులకు చేయించి తెచ్చి వదిలాం. తర్వాతి ఎండాకాలం గుడి మెట్ల మీద కూర్చుని చూస్తే దాదాపు ప్రతి తల్లి కడుపుకూ ఒక పిల్ల అంటుకుని ఉంది.

మగవి ఇల్లరికం పోతాయని నోట్‌బుక్‌లో రాసుకున్నది నేనే. ఆ ముక్క ఆపరేషన్ల జాబితా రాసేటప్పుడు గుర్తుకు రాలేదు. ఆపరేషన్ అయిన గండుకోతుల్లో సగం ఆరు నెలల్లో వేరే మందలకు పోయాయి. బయటినుంచి ఆపరేషన్ కానివి వచ్చాయి. మందలో ఒక్కటి చాలు. అమెరికా అధీనంలోని పోర్టోరికో పక్కన కాయో శాంటియాగో అని సుమారు 38 ఎకరాల దీవి ఉంది. 1938లో మన దేశం నుంచి 409 రీసస్ కోతుల్ని తీసుకెళ్ళి అక్కడ వదిలారు. చుట్టూ సముద్రం. అంత చిన్నచోట కూడా మగవి ఈడు రాగానే మంద మారుతూనే ఉన్నాయి. దీవిలోనే ఆగనివి మండలంలో ఆగుతాయా? పంచాయతీ డబ్బు ఒక ఏడాది నా మతిమరుపుకు పోయింది. సర్పంచ్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

దారి మార్చింది

ఈసారి ఆడకోతులు. అదీ మూడు మందల్లో తలా కొన్ని కాదు, ఒకే మందలో ఈడొచ్చిన ఆడవాటన్నిటికీ. ఆడవి చచ్చేదాకా ఆ మందలోనే, ఆ చోటులోనే ఉంటాయి, కాబట్టి చేసిన ఆపరేషన్ ఊరు దాటి పోదు. పైగా సొంత చోటు కోసం మంద మొత్తం కలిసి పోట్లాడుతుంది. పిల్లలు పుట్టని మంద అక్కడే కూర్చుంటే అది మనం వేసిన కర్చీఫ్.

గ్రామసభలో ఇది చెబితే గొడవైపోయింది. “పైసలు పెట్టి పట్టిచ్చి, ఆపరేషన్ చేపిచ్చి, మళ్ల మా ఇంటిమీదికే తోలుకొస్తరా?” ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. ఆ ఏడాది ఆయన మక్కచేను మొత్తం పోయింది. నేను బస్సు కథ చెప్పాను. కొందరు నవ్వారు, ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి అవ్వే అడిగింది: “గా కుక్కకు భయపడేటియి మల్లొస్తయా, రావా?” మంద ఉన్నచోటే ఉంటే కొత్తవి రావడం కష్టమన్నాను. “తెలిసిన దొంగ నయం,” అంది. ఒక్క గుడి మందకు, ఒక్క ఏడాదికి అన్న షరతు మీద సభ సరేనంది.

గుడి మందనే ఎందుకు? మూడింటిలో లెక్క సులువుగా దొరికేది అదే, రోజూ కళ్ళముందు ఉంటుంది. రైస్ మిల్లు వైపు నుంచి వచ్చేవాటికి వాకిలి కూడా ఆ గుడే. గుట్ట మందకు క్వారీ వల్ల స్థిరమైన చోటు లేదు, దానితో మొదలుపెడితే ఫలితం వచ్చినా రాకపోయినా ఎందుకో చెప్పలేం.

కాలం కూడా చూసుకోవాలి. చంకలో పసిపిల్ల ఉన్న తల్లిని పట్టకూడదు, జత కట్టే కాలం మొదలుకాకముందే పట్టాలి. అంటే వినాయక చవితి నుంచి దసరా లోపు. పెద్ద బోను తలుపు తాడుతో పైకి కట్టేసి పన్నెండు రోజులు లోపల పల్లికాయ పోస్తూ ఊరుకున్నాం. మొదటి రెండు రోజులు గండుకోతులే. నాలుగో రోజు మొండిచెవిది తలుపు దగ్గర కూర్చుని, ఒక చెయ్యి గుమ్మం మీద ఉంచి, రెండో చేత్తో అందినంత తీసుకుంది. అది ఆ మందలో పెద్ద ముత్తైదువ. అది తొమ్మిదో రోజు లోపలికి పోయి వీపు మనవైపు తిప్పి కూర్చున్నాక మిగతావి వెనకే వచ్చాయి. పదమూడో రోజు తాడు వదిలాం. ఇరవై ఒక్క ఆడవాటిలో పంతొమ్మిది దొరికాయి. పెద్ద పిల్లల్ని తల్లుల నుంచి విడదీయలేదు. ఆపరేషన్ అయి కోలుకోగానే అదే గుడి వెనక, అదే చింతచెట్టు కింద తలుపు తీశాం. మంద లేని ఆ వారం చోటు ఖాళీగా కనబడకుండా ఇద్దరు కుర్రాళ్ళు కర్రలతో రైస్ మిల్లు దారి కాశారు. ఈ చిన్న జాగ్రత్త లేకపోతే మిగతాదంతా దండగయ్యేదేమో.

సీట్లు తగ్గించే పని కూడా పక్కనే నడిచింది. శనివారం గుడి ముందు అరటిపండ్లు, కొబ్బరిచిప్పలు విసరడం పూజారి ఆపించారు. ఆయన చెప్పాడు కాబట్టి విన్నారు, నేను చెప్తే హనుమంతుడికి అపచారం అయ్యేది. బడి దగ్గర మిగిలిన మధ్యాహ్న భోజనానికి మూత డ్రమ్ము వచ్చింది. చికెన్ షాపు పక్క చెత్తకుప్ప మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఏమైంది

మొదటి ఏడాది చివర మొత్తం 110. జనానికి నచ్చలేదు, “పది కోతుల కోసమా ఇంత?” అన్నారు. నేను మొత్తం చూడొద్దని, గుడి మంద పిల్లల్ని చూడమని బతిమాలాను. ఆ ఎండాకాలం గుడి మందలో పిల్లలు మూడు. చెరువు మందలో అదే కాలంలో పద్నాలుగు.

నాకు ధైర్యం ఇచ్చింది ఆ లెక్క కన్నా ఒక సాయంత్రం. రైస్ మిల్లు మందలోంచి పాతిక కోతులు బస్ షెల్టర్ దాకా వచ్చాయి. గుడి మంద ఆడవి వరసగా ప్రహరీ గోడ ఎక్కి కూర్చుని అరవడం మొదలుపెట్టాయి. మధ్యలో మొండిచెవిది. గండుకోతులు కిందికి దిగి రేకుల షెల్టర్ మీద ఎగిరెగిరి చప్పుడు చేశాయి. ఇరవై నిమిషాలు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు సంచులు పట్టుకుని కిరాణా కొట్లో దూరారు. రైస్ మిల్లువి వెనక్కి తిరిగాయి. రెండేళ్ళ కిందట అదే దారిన అడ్డు లేకుండా వచ్చిన మంద అది.

రెండో ఏడాది చెరువు మందకు కూడా చేయించాం. మూడో ఏడాదికి మొత్తం తొంభైకి కాస్త పైన. గుడి వైపు ముగ్గురు రైతులు మళ్ళీ పల్లి వేశారు. గుట్ట వైపు ఒక్కరూ వేయలేదు. గుట్ట మంద మునుపటిలాగే ఉంది, క్వారీ పేలినప్పుడల్లా చేలల్లోకి దిగుతుంది. దానికి నా దగ్గర మందు లేదు.

తోటి పనివాళ్ళ కోసం

పట్టివేతకు ముందు, తర్వాత కూడా లెక్క వేయండి. వచ్చినవి ఏ ఈడువి, మగవా ఆడవా అన్నది మొత్తం అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. ఊర్లో ఒక్కో కోతినీ గుర్తుపట్టగల మనిషి ఎక్కడో ఒకరు ఉంటారు, ఎక్కువసార్లు ముసలామె, వెతికి పట్టుకోండి.

ఏ జంతువులో ఎవరు ఇల్లు వదులుతారో చూడకుండా జాబితా రాయొద్దు. పులుల్లోనూ ఆడపులి తల్లికి దగ్గర్లోనే చోటు వెతుక్కుంటుంది, మగపులి దూరం పోతుంది. నేపాల్‌లోని చిత్వన్‌లో చేసిన పరిశీలనలో మగవి సగటున 33 కిలోమీటర్లు, ఆడవి పది లోపు. తొలగింపు ఎదురు తిరిగిన కేసు మనదొక్కటే కూడా కాదు. బ్రిటన్‌లో పశువుల క్షయ తగ్గించాలని 1998 నుంచి 2005 దాకా, దాన్ని మోసే బ్యాడ్జర్ అనే అడవి జంతువును కొన్ని ప్రాంతాల్లో చంపి చూశారు. బతికినవి హద్దులు చెదిరి ఇంకా దూరం తిరిగాయి, చంపిన ప్రాంతం అంచుల అవతల పశువుల్లో క్షయ పెరిగింది.

మా పద్ధతి అన్నిచోట్లా పనిచేస్తుందని నేననను. మందకు స్థిరమైన చోటు ఉండాలి, దాదాపు అన్ని ఆడవీ దొరకాలి, పక్క ఊరు తన కోతుల్ని తెచ్చి మన పొలిమేరలో వదలకూడదు. ఈ మూడోది మన చేతిలో లేదు. రెండేళ్ళలో రెండుసార్లు రాత్రిపూట ఎవరో వ్యాన్ తెచ్చి చెరువు కట్ట మీద బోన్లు తెరిచి వెళ్ళారు. మొదటిసారి వదిలినవాటిలో రెండింటికి తోక పొడుగు. అవ్వ వాటిని చూసి తన చిన్నప్పటి కోతులు మళ్ళీ వచ్చాయంది. నాలుగు రోజులున్నాయి, చెరువు మంద తరిమేసింది.

మొన్న పక్క మండలం నుంచి ఒక పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేశాడు. కోతులు పట్టేవాళ్ళ నంబరు ఉంటే ఇవ్వమన్నాడు. పాత క్యాష్ బుక్కులు తీసుకుని ఒకసారి రమ్మన్నాను.